చావింటికి తిండి పట్టుకెళ్ళేటప్పుడు చూసుకోవాల్సినవి

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్‌లో మూడో ఫ్లోర్ అంకుల్ తెల్లవారుజామున పోయారు. తొమ్మిదింటికల్లా వాళ్ళ గుమ్మం పక్కన నాలుగిళ్ళ నుంచి నాలుగు గిన్నెల ఉప్మా వచ్చి కూర్చుంది, ప్లేట్లు లేవు, స్పూన్లు లేవు, తాగడానికి మంచినీళ్ళు లేవు, టీ సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆ నాలుగింట్లో ఒక గిన్నె నాదే. సాయంత్రం వాచ్‌మెన్ భార్య గడ్డకట్టిన ఉప్మా అంతా కవర్లో వేసుకుని కిందికి తీసుకెళ్తుంటే లిఫ్ట్‌లో పక్కనే నిలబడ్డా, తలెత్తలేకపోయా. ఆ తర్వాత మా బిల్డింగ్‌లో, చుట్టాల్లో ఇంకో మూడు చావులు చూశా, చేతులు కాల్చుకుని నేర్చుకున్నవి రాస్తున్నా.

మనలో శవం లేచేదాకా ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు, ఊళ్ళల్లో అయితే వాడకట్టు మొత్తం ముద్ద ముట్టరు. ఊళ్ళో అది పొద్దున్నించి సాయంత్రం దాకా నడిచే విషయం, కానీ హైదరాబాద్‌లో ఇప్పుడు అలా లేదు, కొడుకు అమెరికా నుంచి రావాలి, టికెట్ దొరకాలి, ఎయిర్‌పోర్ట్‌లో దిగి ఇంటికి చేరాలి, ఫ్రీజర్ బాక్స్ తెప్పించి హాల్లో పెట్టి ఒకటిన్నర రోజు, రెండు రోజులు ఎదురుచూస్తారు, ఆ రెండు రోజులూ పొయ్యి లేదు, ఇంట్లో మాత్రం ముప్పై మంది. అందుకే ఇక్కడ ఇరుగుపొరుగు తెచ్చే తిండికి ఊళ్ళోకన్నా ఎక్కువ పని ఉంటుంది.

ముందు చేయాల్సింది వంట కాదు, ఫోన్. అదీ పోయినవాళ్ళ భార్యకో కొడుక్కో కాదు, "ఏమన్నా కావాలా ఆంటీ" అని వాళ్ళని అడిగితే "ఏం వద్దమ్మా" అనే అంటారు, ఇంకేమంటారు. ప్రతి చావింట్లో ఏడవకుండా పనులు చూసే మనిషి ఒకరుంటారు, అల్లుడో, తోడికోడలో, తమ్ముడి భార్యో, ఆ మనిషిని పట్టుకోండి. అడిగేటప్పుడు కూడా "ఏం తేవాలి" అనొద్దు, "మధ్యాహ్నం ఒంటిగంటకి ఇరవై మందికి పెరుగన్నం తెస్తున్నా, ఎవరన్నా ఆల్రెడీ చెప్పారా" అనండి, వాళ్ళు అవును, కాదు అంటే చాలు. మా ఉప్మా గొడవ ఇలా ఒక్క ఫోన్ చేసుంటే జరిగేదే కాదు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో "ఓం శాంతి" లు ఎనభై వచ్చాయి, పక్కన ఒక్కరన్నా "పొద్దున టీ మాది" అని రాస్తే ఎంత బాగుండేది. అయితే ఆ ఇంటివాళ్ళు కూడా అదే గ్రూప్‌లో ఉంటారు కాబట్టి ఈ లెక్కలన్నీ ఇంకో చిన్న గ్రూప్ పెట్టుకుని మాట్లాడుకోండి.

మొదటి రోజు అన్నం కన్నా నీళ్ళు, టీ ముఖ్యం. ఇరవై లీటర్ల వాటర్ క్యాన్లు రెండు, పేపర్ గ్లాసులు, పేపర్ ప్లేట్లు, ఒక పెద్ద చెత్త కవర్, ఇవి వెళ్ళగానే ముప్పావు వంతు పని అయిపోయినట్టే. టీకి లీటరు పాలకి అరలీటరు నీళ్ళు పోస్తే చిన్న గ్లాసులు పదిహేను దాకా వస్తాయి, ఫ్లాస్కులో పోసి పంపండి, చక్కెర లేకుండా ఒక చిన్న ఫ్లాస్కు వేరేగా, ఎందుకంటే వచ్చే పెద్దవాళ్ళల్లో సగం మంది షుగర్ వాళ్ళే. ఒకవేళ యాక్సిడెంట్ లాంటిదై గాంధీ మార్చురీ దగ్గరో ఉస్మానియా దగ్గరో పంచనామా, పోస్ట్‌మార్టం కోసం వెయిట్ చేస్తుంటే, అక్కడికి డబ్బాలు వేస్ట్, ఎవరూ విప్పరు, అరటిపళ్ళు, బిస్కెట్లు, నీళ్ళ సీసాలు, ఫోన్ చార్జర్ ఒకటి, అంతే.

ఇంక అన్నం. కిలో బియ్యం వండితే ఎనిమిది పది మందికి వస్తుంది, చావింట్లో అంత తినరు కాబట్టి పన్నెండు మందికి సరిపోతుంది. అందరూ తినేది, గొంతులో దిగేది పెరుగన్నం, దాన్ని కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మే నెలలో పదింటికి కలిపిన పెరుగన్నం ఒంటిగంటకి పుల్లటి ముద్ద అవుతుంది, నేను ఒకసారి అలాగే పంపా. అన్నం మామూలుకన్నా మెత్తగా వండి, వేడి మీదే గరిటెతో మెదిపి, పూర్తిగా ఆరనివ్వాలి, వేడిగా ఉండగా పెరుగు పడితే విరిగినట్టవుతుంది. ఆరాక కాచి చల్లార్చిన పాలు పోసి జారుగా కలిపి, పెరుగు మాత్రం రెండు మూడు చెంచాలే వెయ్యాలి, తినే టైముకి అదే తోడుకుని సరిగ్గా కమ్మగా వస్తుంది. చూడ్డానికి మొదట పలచగా పాయసంలా ఉంటుంది, భయపడకండి, అన్నం పీల్చుకుంటుంది. ఉప్పు తక్కువ, అల్లం కొంచెం, పచ్చిమిర్చి వద్దు, ఏడ్చి ఏడ్చి గొంతు పోయుంటుంది అందరికీ. తాలింపు పెట్టాలా వద్దా ముందే అడగండి, కొన్ని ఇళ్ళల్లో ఆ రోజుల్లో పోపు వెయ్యరు. పక్కన నిమ్మకాయ ఊరగాయ. పప్పుచారు, చారు కూడా పోతాయి, కూరలు మిగిలిపోతాయి.

కట్టుకున్న మనిషి పోయిన పెద్దావిడకి షుగర్ ఉంటే ఆ ఒక్కరి విషయం వేరేగా చూడండి. టాబ్లెట్ టైము తప్పుతుంది, లేకపోతే ఎవరో ప్రేమగా ఇన్సులిన్ చేసేస్తారు, ఆవిడేమో తిననని కూర్చుంటారు, ఇన్సులిన్ పడి తిండి పడకపోతే షుగర్ పడిపోతుంది, చెమటలు, వణుకు, ఏడుపు వల్ల అనుకుని ఎవరూ పట్టించుకోరు. "తినండి" అని ప్లేటు ముందు పెట్టి వెళ్ళిపోతే తినరు. రెండు ఇడ్లీలు చారులో నానబెట్టి చిన్న గిన్నెలో చెంచా వేసి ఆవిడ చేతిలో పెట్టి, పక్కన కూర్చోండి. మా పెద్దమ్మకి వాళ్ళ ఆడపడుచు ఇలాగే, "వదినా, ఈ ఒక్క ముద్ద, టాబ్లెట్ కోసం" అని టాబ్లెట్ మీద నెపం పెట్టి మొత్తం తినిపించింది.

ఎవరి పద్ధతి వాళ్ళది, ఇక్కడ తెలివి చూపించొద్దు. బ్రాహ్మణుల ఇళ్ళల్లో ఉల్లి, వెల్లుల్లి పనికిరాదు, కర్మ చేసే కొడుకు పది రోజులూ ఒంటిపూటే తింటాడు, బయట వండినవి ముట్టకపోవచ్చు, అలాంటప్పుడు పాలు, పళ్ళు, పచ్చి కూరగాయలు ఇచ్చి రండి. తెలంగాణ ఇళ్ళల్లో మూడో రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు అని పిట్టకు పెడతారు, పిట్ట ముట్టేదాకా ఇంటివాళ్ళు తినరు, మీరు ఎనిమిదింటికే ఇడ్లీలు పంపితే అవి పదకొండు దాకా రాళ్ళవుతాయి. పైగా మన కాలనీల్లో కాకులెక్కడున్నాయి, బైకేసుకుని ఏ చెరువు గట్టుకో వెళ్ళి గంటసేపు "కావ్ కావ్" అని పిలవాల్సి వస్తోంది, కాబట్టి ఆ రోజుల్లో టైము అడిగి వెళ్ళండి. ముస్లింల ఇళ్ళకైతే మొదటి మూడు రోజులు చుట్టుపక్కలవాళ్ళే వండి పంపుతారు, ప్రవక్త గారి కజిన్ జాఫర్ గారు యుద్ధంలో చనిపోయినప్పుడు ఆ ఇంటికి వండి పంపమని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో ఉంది, పాతబస్తీ గల్లీల్లో ఆ మాట ఇంకా నడుస్తోంది. మనం తీసుకెళ్తే పప్పు, అన్నం, పళ్ళు లాంటివి తీసుకెళ్ళండి, హలాల్ సందేహమే రాదు. క్రిస్టియన్ల ఇళ్ళల్లో సాయంత్రాలు ఆదరణ కూడికలని ప్రార్థనలు పెడతారు, అక్కడ వచ్చినవాళ్ళకి టీ, బిస్కెట్ల ఖర్చే ఎక్కువ, అది మోస్తే పెద్ద సాయం.

తీసుకెళ్ళకూడనివి చెప్తా: స్వీట్లు వద్దు, పులిహోర వద్దు, అది పండగ వంట, రుచిగా ఉంటుంది కదా అని తెస్తే పెద్దవాళ్ళు మొహం చిట్లిస్తారు. గారెలు అసలే వద్దు, అవి తద్దినం రోజు ఎలాగూ ఉంటాయి. బిర్యానీ ఆర్డర్ పెట్టి పంపడం ఒకటి చూశా, ఫారిన్‌లో ఉన్న కజిన్స్ మంచి మనసుతోనే పెట్టారు, డెలివరీ అబ్బాయి ఆ జనంలోకి వచ్చి "ఓటీపీ చెప్పండి సార్" అని అడుగుతుంటే అందరం నేల చూశాం. ఆర్డరే పెట్టాలంటే పనులు చూసే ఆ అల్లుడి నంబర్ ఇచ్చి గేటు దగ్గర తీసుకోమనండి. వండే ఓపిక లేకపోతే కర్రీ పాయింట్‌లో పప్పు, చారు కట్టించుకుని, అన్నం ఒక్కటి ఇంట్లో వండి పట్టుకెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు.

గిన్నెల గొడవ ఒకటుంది. మంచి స్టీలు హాట్‌ప్యాక్ తీసుకెళ్తే, పదకొండో రోజు అది ఎవరిదో తెలియక ఆ ఇంటి కోడలు ఇల్లిల్లూ తిరగాల్సి వస్తుంది. పూర్వం పెళ్ళి గిన్నెల మీద పేర్లు చెక్కించేవాళ్ళు, ఎందుకో నాకు ఇప్పుడర్థమైంది. పేరు చెక్కిన పాత గిన్నె ఉంటే అదే తీసుకెళ్ళండి, లేకపోతే ఫ్లాట్ నంబర్ రాసి టేపు అతికించండి, అన్నిటికన్నా మేలు తిరిగి ఇవ్వక్కర్లేని ప్లాస్టిక్ డబ్బా. మామూలుగా ఖాళీ గిన్నె తిరిగివ్వకూడదని మనం చక్కెరన్నా వేసి ఇస్తాం, కానీ ఇప్పుడు ఖాళీగానే తీసుకోవాలి, కాబట్టి మీరే వెళ్ళి, మీరే కడిగి తెచ్చుకోండి. వచ్చేటప్పుడు "వెళ్ళొస్తా" అనకూడదు, తెలుసుగా, ఊరికే లేచి వచ్చెయ్యడమే. "ఎలా జరిగింది ఆంటీ, ఏ హాస్పిటల్" అని అన్నం గిన్నె చేతిలో పట్టుకుని అడగొద్దు, అప్పటికి ఆవిడ నలభైసార్లు చెప్పి ఉంటుంది.

అసలు నన్నడిగితే, మొదటి రోజు మీరు వెళ్ళకపోయినా కొంప మునగదు, అందరూ వస్తారు. నాలుగో రోజు నుంచి తగ్గుతారు, పెద్దకర్మ రోజు మళ్ళీ క్యాటరింగ్, వందమంది, ఆ తర్వాత చుట్టాలు ఎవరి బస్సు వాళ్ళు ఎక్కేస్తారు, కొడుకు లీవు అయిపోతుంది, ఎవరైనా నిద్రకి తీసుకెళ్తే రెండు రోజులు గడుస్తుంది, తర్వాత ఆ ఇంట్లో ఒక్క మనిషి. మా మూడో ఫ్లోర్ ఆంటీ నెల రోజులు మజ్జిగ, బ్రెడ్డు మీద బతికింది, ఒక్కదానికి ఏం వండుకుంటాను అంటుంది. ఆ టైములో పెద్ద గిన్నెలు వద్దు, మీ ఇంట్లో వండిన దొండకాయ వేపుడో, టమాటా పప్పో చిన్న డబ్బాలో, వారంలో రెండుసార్లు, మంగళ, శుక్రవారాలు కాకుండా, ఆ రోజుల్లో చావింటికి వెళ్ళరని చాలామందికి పట్టింపు. "ఎక్కువైంది ఆంటీ" అని చెప్పి ఇవ్వండి, ఎక్కువవ్వలేదని ఆవిడకీ తెలుసు. కుదిరితే మీ ప్లేటు కూడా అక్కడికే పట్టుకెళ్ళి తినండి.

ఏడాది పాటు ఆ ఇంట్లో పండగ లేదు, పిండివంటలు చెయ్యరు. సంక్రాంతికి బిల్డింగ్ అంతా సకినాల వాసన వస్తుంటే వాళ్ళ తలుపు మాత్రం వేసి ఉంటుంది. వెళ్ళొచ్చా లేదా అని మొహమాటపడొద్దు, ముందురోజు ఒక మాట అడిగి ఓ డబ్బా పట్టుకెళ్ళండి, ఇంట్లో చిన్నపిల్లలుంటే తప్పకుండా. పెద్దవాళ్ళు "మాకు లేదు కదమ్మా ఈ సారి" అంటారు, పిల్లలకి ఇస్తున్నా అనండి, డబ్బా పిల్లల చేతికే ఇవ్వండి.