వెలుతురుతో పని – 4వ పాఠం: నీటిధార నుంచి గాజుతీగ దాకా

పోయిన పాఠంలో గాజుపలకలో కాంతి వంగే కోణాన్ని కొలిచారు. ఈసారి కాంతిని ఒక దారిలో బంధించి, చివరికి ఎంత మిగిలిందో లెక్క కడదాం. ఫైబర్ (కాంతిని మోసే సన్నని గాజుతీగ) పనిలోకి దిగాలనుకునేవారికి ఈ లెక్క నోటికి రావాలి. లేకపోతే కాంతిని కొలిచే మీటరు చూపించే అంకెకు అర్థం ఉండదు.

లీటరు ప్లాస్టిక్ సీసాకు అడుగు నుంచి నాలుగు వేళ్ల ఎత్తులో, కాల్చిన మేకుతో పెసరగింజంత రంధ్రం చేయండి. అంచు నున్నగా ఉండాలి, లేకపోతే ధార చెదిరిపోతుంది. రంధ్రాన్ని వేలితో మూసి నీళ్లు నింపండి. గదిని చీకటి చేసి, అవతలి వైపు నుంచి చిన్న ఎర్ర లేజర్ లైటును సరిగ్గా రంధ్రానికి గురిపెట్టి వేలు తీయండి. కాంతి తిన్నగా గోడ మీదికి పోకుండా, వంగిన ధార వెంటే దిగివచ్చి మీ అరచేతిలో ఎర్రగా చిందుతుంది. కిరణం కంట్లో పడనీయవద్దు, పిల్లలుంటే మరీ జాగ్రత్త.

నీటి లోపలి నుంచి ధార అంచును తాకే కిరణం, అక్కడి లంబంతో సుమారు 49 డిగ్రీలకు మించిన కోణం చేస్తే గాలిలోకి పోలేదు, మొత్తం లోపలికే మళ్లుతుంది. ఇదే సంపూర్ణాంతర పరావర్తనం. 1840ల మొదట్లో జెనీవాలో డేనియల్ కొలాడన్ జనానికి చూపించినది ఈ ప్రయోగాన్నే.

ఇప్పుడు అదే నీటిలో అర చెంచా పాలు కలిపి మళ్లీ చేయండి. ధార మొదట్లో మెరుస్తుంది, కానీ అరచేతికి చేరేది దాదాపు ఏమీ ఉండదు. ఇక్కడ కాసేపు ఆగి ఆలోచించండి. దారి మారలేదు, దారిలో మురికి చేరింది, అంతే.

1960లో థియోడర్ మైమన్ మొదటి లేజర్‌ను వెలిగించాడు. కాంతి మీద మాటలు పంపాలన్న ఆశ అందరిలో పెరిగింది. గాజు తీగలు అప్పటికే ఉన్నాయి. 1954లోనే లండన్‌లో మన పంజాబ్‌కు చెందిన నరీందర్ సింగ్ కపానీ, హాప్‌కిన్స్‌తో కలిసి గాజుతీగల కట్ట గుండా బొమ్మను పంపించాడు. కానీ ఆ గాజులో కాంతి కొద్ది మీటర్లలోనే ఆరిపోయేది. అది గాజు స్వభావమే అని చాలామంది వదిలేశారు. 1966లో ఇంగ్లండ్‌లో చార్లెస్ కావో, హాక్‌హామ్ మాత్రం తప్పు గాజుది కాదు, అందులోని ఇనుము వంటి మలినాలదని తేల్చారు. నష్టం కిలోమీటరుకు 20 డెసిబెల్‌లకు (కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత, దీని లెక్క కింద ఉంది) తగ్గితే చాలన్నారు. లేజర్‌కు వచ్చినంత పేరు ఈ మాటకు రాలేదు, కానీ ఫోటానిక్స్ (కాంతితో పనిచేయించే విద్య) కథలో అసలు మలుపు ఇదేనని నా గట్టి నమ్మకం. నాలుగేళ్లకే, 1970లో, అమెరికాలో కార్నింగ్ సంస్థ పరిశోధకులు ఆ గీతను దాటారు. కావోకు నోబెల్ 2009లో వచ్చింది.

ఇక లెక్క. రెండే సూత్రాలు గుర్తుపెట్టుకోండి. 10 డెసిబెల్‌ల నష్టమంటే పదో వంతు మిగులుతుంది. 3 డెసిబెల్‌లంటే సగం. డెసిబెల్‌లను కూడితే, వంతులను గుణించాలి. 20 అంటే పదో వంతులో పదో వంతు, అంటే నూరో వంతు. పాతకాలపు గాజులో నష్టం కిలోమీటరుకు సుమారు 1000 డెసిబెల్‌లు, కాబట్టి 20 మీటర్లకే నూరో వంతుకు పడిపోయేది. నేటి తీగలో కిలోమీటరుకు సుమారు 0.2.

వరంగల్ నుంచి కరీంనగర్‌కు సుమారు 70 కిలోమీటర్లు. 70ని 0.2తో గుణిస్తే 14 డెసిబెల్‌లు. 14 అంటే 20లోంచి 6 తీసేసినట్టు. 20కి నూరో వంతు. తీసేసిన 6 అంటే రెండు 3లు, కాబట్టి రెండుసార్లు రెట్టింపు. నూటికి నాలుగు వంతులు మిగిలాయి. పాలు కలిపిన మన ధారలో మూరెడు దూరానికే ఆరిపోయిన వెలుగు, ఇక్కడ జిల్లాలు దాటి చేరుతోంది. మన జిల్లాల్లో మిషన్ భగీరథ నీటి పైపుల కోసం తవ్విన కందకాల్లోనే టీ-ఫైబర్ (ఊళ్లకు ఇంటర్నెట్ అందించే తెలంగాణ ప్రభుత్వ పథకం) గొట్టాలు కూడా వేశారు. అలాంటి కందకం మీ ఊరి పక్కన కనిపిస్తే ఈ లెక్క ఒకసారి గుర్తుచేసుకోండి.

అభ్యాసం: వరంగల్ నుంచి హైదరాబాద్‌కు 145 కిలోమీటర్ల తీగ వేశారనుకుందాం. కాల్‌క్యులేటర్ ముట్టకుండా, పై రెండు సూత్రాలతోనే ఎన్నో వంతు కాంతి చేరుతుందో చెప్పండి. 29ని 20, 9గా విడగొట్టి చూడండి. జవాబును వచ్చే పాఠంలో, తీగల అతుకుల దగ్గర జరిగే నష్టంతో కలిపి సరిచూద్దాం.