చంటిబిడ్డ ఉన్న ఇంటికి బేబీ క్యారియర్ కొనిస్తున్నారా? కొండెక్కక ముందే చూసుకోవాల్సిన జాగ్రత్తలు

మా తమ్ముడి కూతురికి పేరు పెట్టిన రోజు అందరూ వెండి గ్లాసులు, గజ్జెలు తెస్తే, నేను కాస్త కొత్తగా ఉంటుందని, బిడ్డను ఒంటికి తగిలించుకుని మోసే బేబీ క్యారియర్ పట్టుకెళ్ళాను. ఆన్‌లైన్‌లో ఫోటో చూసి మనసు పడి కొన్నది. ఒక భుజానికి తగిలించుకునే సంచి రకం, లోపల మెత్తటి దూది, అంచుకు పూలు. విప్పగానే మా అమ్మ, "ఏందే ఇది, బిడ్డను జోలెలో ఏసుకోని తిరగమంటావా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. సరే చూద్దామని ఇరవై ఒక్క రోజుల బిడ్డను అందులో పడుకోబెట్టాం. బిడ్డ మెల్లగా సంచి అడుక్కి జారింది. వీపు విల్లులా వంగింది, గడ్డం వెళ్ళి రొమ్ముకు ఆనుకుంది. ముక్కులోంచి పిల్లి గురక లాంటి సన్నటి శబ్దం. మా మరదలు ఒక్క ఉదుటున బిడ్డను బయటికి తీసేసింది. "దీంట్లో వద్దులే వదినా" అంది, నన్ను నొప్పించకుండా. ఆ సంచిలో ఇప్పుడు మా ఇంట్లో ఉల్లిపాయలు ఉంటున్నాయి.

ఆ శబ్దం ఏమిటో తర్వాత పిల్లల డాక్టరు చెబితే తెలిసింది. నెలల బిడ్డకు మెడలో బలం ఉండదు. తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనితే, ఆ సన్నటి గాలిగొట్టం మడతపడుతుంది. బిడ్డ ఏడవదు, కొట్టుకోదు, నిద్రపోతున్నట్టే ఉంటుంది. అమెరికాలో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ 2010 మార్చిలో ఇలాంటి జోలె క్యారియర్ల మీద హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు 20 ఏళ్ళలో కనీసం 14 మంది పసిబిడ్డలు వీటిలో చనిపోయారని, వాళ్ళలో 12 మంది నాలుగు నెలలు నిండనివాళ్ళేనని చెప్పింది. నెల తక్కువగా పుట్టినవాళ్ళు, బరువు తక్కువ బిడ్డలు, జలుబుతో ముక్కు మూసుకుపోయినవాళ్ళ విషయంలో మరీ జాగ్రత్త అంది. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డలు మన ఇళ్ళల్లో తక్కువేం కాదు కదా.

ఎండాకాలం సెలవులు దగ్గరపడుతున్నాయి కాబట్టి ఇదంతా రాస్తున్నా. తిరుపతిలో బేబీ క్యారియర్ చేతికి రాగానే వచ్చే మొదటి ఆలోచన "అయితే కొండకు నడిచి పోవచ్చు" అనే. పుట్టెంట్రుకల మొక్కు ఉంటుంది, నడిచొస్తామని ఇంకో మొక్కు ఉంటుంది, ఆ రెండూ కలిసి బిడ్డ నెత్తిన పడతాయి. క్యారియర్ కొనిచ్చేవాళ్ళు ఆ ప్రయాణాన్ని ముందే ఊహించి కొనాలి. ఎందుకంటే మనం ఇచ్చాం కాబట్టే వాళ్ళు ధైర్యం చేస్తారు.

ముందుగా, సర్‌ప్రైజ్ గిఫ్ట్ అనే మాట మర్చిపోండి. ఫోన్ చేసి అడగండి. బిడ్డ బరువెంత? కాన్పు మామూలుదా, ఆపరేషనా? ఎక్కువగా ఎవరు ఎత్తుకుంటారు? ఆపరేషన్ అయితే నడుం బెల్టు సరిగ్గా కుట్ల మీదే వచ్చి కూర్చుంటుంది. డాక్టరు సరే అనేదాకా తల్లి వేసుకోకూడదు, అన్నాళ్ళూ నాన్నే మోయాలి. మా తమ్ముడిది నలభై నడుం, మా మరదలిది దాంట్లో మూడొంతులు ఉంటుందేమో. ఇద్దరికీ సరిపోయేలా బెల్టు సాగాలి, బిగియాలి. ఇంకొకటి, వాళ్ళకసలు కావాలో లేదో కూడా అడగండి. అమ్మమ్మ, నాయనమ్మ, పిన్ని అందరూ ఉన్న ఇంట్లో బిడ్డ నేల మీద దిగడమే కష్టం, క్యారియర్ దాకా ఎక్కడొస్తుంది!

రకాలు చాలా ఉన్నాయి, ధర ఏడెనిమిది వందల నుంచి ఏడెనిమిది వేల దాకా పోతుంది. పొడవాటి గుడ్డను ఒంటికి చుట్టుకునేది నెలల బిడ్డకు బాగుంటుంది, కట్టడం నేర్చుకుంటేనే. నడుం, భుజం పట్టీలను క్లిప్పులతో బిగించే బకిల్ రకం మన ఇళ్ళల్లో అందరికీ త్వరగా అలవాటవుతుంది. చాలా కంపెనీలు మూడున్నర కిలోల నుంచి అని రాస్తాయి కానీ, అంత చిన్న బిడ్డకు వాడాలంటే లోపల సీటు వెడల్పు తగ్గించే ఏర్పాటు ఉందో లేదో చూడాలి. నడుం మీద చిన్న పీట లాగా ఉండే హిప్ సీటు, బిడ్డ తనంతట తాను కూర్చున్నాకే. వీపు మీద వేసుకునే కడ్డీల బ్యాగు కూడా అంతే. సంచి రకం గురించి పైన చెప్పేశాను, ఫ్రీగా ఇచ్చినా తీసుకోవద్దు.

షాపులో చూసుకోవాల్సింది ముఖ్యంగా కాళ్ళు. మన అవ్వలు బిడ్డను చంకన ఎత్తుకున్నప్పుడు చూడండి, రెండు కాళ్ళూ నడుంకి అటూ ఇటూ కప్ప కాళ్ళలా విడిపోయి, మోకాళ్ళు పిర్రల కంటే కొంచెం పైకి ఉంటాయి. తుంటి కీలు సరిగ్గా కుదురుకోవడానికి అదే మంచి వాటం. క్యారియర్ సీటు ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా తొడలను మోయాలి. సన్నటి పట్టీ మధ్యలో ఉండి కాళ్ళు నిట్టనిలువుగా వేలాడే రకాలు చవగ్గా దొరుకుతాయి, వాటిని పక్కన పెట్టేయండి. కడుపులో ఎదురుకాళ్ళతో ఉండి పుట్టిన బిడ్డ అయినా, ఇంట్లో ఎవరికైనా పుట్టుకతో తుంటి సమస్య ఉన్నా, ముందు డాక్టరుకు చూపించాకే ఏ క్యారియర్ అయినా. బిడ్డ ముఖం బయటికి తిప్పి కూర్చోబెట్టడం ఫోటోలకు బాగుంటుంది. కానీ మెడ గట్టిగా నిలబడి, ఆరు నెలలు దాటేదాకా ముఖం మన వైపే ఉండాలి, ఆ తర్వాత కూడా కాసేపే.

బకిల్ పెట్టినప్పుడు టక్కుమని శబ్దం వినపడాలి. కుట్టు డబుల్‌గా ఉందా, పట్టీ లాగితే జారుతోందా, ఎన్ని కిలోల దాకా మోస్తుందో లేబుల్ మీద ఉందా చూసుకోండి. లేబుల్ లేనిది కొనొద్దు. చుట్టాలింట్లో వాడేసిన పాతది ఇచ్చినా తప్పేం లేదు, బకిల్ పగుళ్ళు మాత్రం వెలుతురులో పెట్టి చూడండి.

రెండోసారి బకిల్ రకం కొన్నాను, ఈసారి మరదలిని వెంటబెట్టుకుని. ఇంటికొచ్చాక బిడ్డను పెట్టే ముందు ఐదు కిలోల బియ్యం సంచికి తువ్వాలు చుట్టి కట్టుకుని చూద్దాం అన్నాను. హాల్లో అటూ ఇటూ నడిచింది, బాగానే ఉంది. కింద పడ్డ స్పూను తీయడానికి నడుం వంచింది. బియ్యం సంచి పక్క నుంచి జారి దబ్బున గచ్చు మీద పడింది. గింజలు సోఫా కిందికి పోయాయి. ఒక నిమిషం ఎవరం మాట్లాడలేదు. చూస్తే భుజం పట్టీ రెండు వేళ్ళు వదులుగా ఉంది, అంతే. అప్పటినుంచి ఆ ఇంట్లో వంగడమంటే మోకాళ్ళు వంచి కూర్చుని లేవడమే, అదీ ఒక చెయ్యి బిడ్డ వీపు మీద పెట్టి. మీరూ బహుమతి ఇచ్చే రోజే బియ్యం సంచితో ఒకసారి కట్టించి చూడండి. గిఫ్ట్ ప్యాకింగ్ కంటే అది అవసరం.

సరిగ్గా కట్టుకున్నారో లేదో తెలుసుకోవడం తేలికే. కొంచెం తల వంచితే బిడ్డ నుదుటి మీద ముద్దు పెట్టగలగాలి. ముఖం ఎప్పుడూ కనబడుతుండాలి. గడ్డానికీ రొమ్ముకూ మధ్య ఒకటి రెండు వేళ్ళు దూరాలి. బిడ్డ పొట్ట, రొమ్ము మన ఒంటికి ఆని, వీపు కుంగిపోకుండా ఉండాలి. పాలిచ్చాక బిడ్డను మళ్ళీ పైకి, నిటారుగా సర్దడం చాలామంది మర్చిపోతారు, పాలు తాగిన వాటంలోనే నిద్రపోనిస్తారు. మన దగ్గర ఇంకో సంగతి కూడా ఉంది. ఆడవాళ్ళం తాళిచైనుకు పిన్నీసులు గుచ్చుకుంటాం కదా, క్యారియర్‌లో బిడ్డ చెంప వచ్చి ఆనేది సరిగ్గా అక్కడే. చైను వెనక్కి తిప్పుకోండి, పిన్నీసులు తీసి డ్రాయర్లో పెట్టండి. బిడ్డ కాళ్ళ గజ్జెలు కూడా గుడ్డలో చిక్కుకుని లాగుతాయి.

ఇక ఎండ. కర్తరి రోజుల్లో మన ఊళ్ళో నలభై డిగ్రీలు దాటుతుంది. మన ఒంటి వేడి, బిడ్డ ఒంటి వేడి, మధ్యలో మందపాటి గుడ్డ. లోపల పలచటి కాటన్ చొక్కా ఒకటి చాలు, ఊలు టోపీ వద్దే వద్దు. మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తుండండి, చెమట పట్టి వేడిగా ఉంటే నీడకు వెళ్ళి బయటికి తీయండి. ఎండ పడుతోందని చున్నీయో తువ్వాలో ముఖం మీద కప్పేస్తారు, లోపల గాలి ఆడదు. గొడుగు పట్టుకోండి. ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్ళు పట్టకూడదు, తల్లిపాలే తరచుగా ఇవ్వాలి. అందుకే ఎండాకాలానికి కొనేటప్పుడు జాలీ గుడ్డ ఉన్నది చూడండి, ఆ దూది పరుపులు శీతాకాలం దేశాలకు. మే నెలలో గంగజాతర రద్దీలోకి క్యారియర్ వేసుకుని వెళ్ళడం గురించి అడిగితే నేను వద్దనే అంటాను. వెనక నుంచి తోపులాట వస్తే ముందున్న బిడ్డే నలుగుతుంది.

నడకదారి విషయంలో నా మాట కొంచెం కటువుగా ఉంటుంది. అలిపిరి నుంచి 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఒకటే ఎక్కుడు, చివర్లో మోకాళ్ళ పర్వతం. శ్రీవారి మెట్టు దారి పొట్టిదే, అయినా దాదాపు 2,400 మెట్లు. ముందు బిడ్డ ఉంటే మన పాదాలు మనకు కనబడవు, పైగా చెప్పుల్లేని కాళ్ళు, కాలిన రాయి. ఆరు నెలల లోపు బిడ్డతో ఈ దారిలో వద్దు. మొక్కు తల్లిదండ్రులది, వాళ్ళలో ఒకరు నడిచి, ఇంకొకరు బిడ్డతో బస్సులో వెళితే దేవుడేమీ అనుకోడు. కాస్త పెద్ద బిడ్డతో తప్పదంటే, తెల్లవారుజామునే మొదలుపెట్టండి. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ళ పాపను చిరుత చంపేసింది. ఆ తర్వాత చిన్నపిల్లలతో వచ్చేవాళ్ళను మధ్యాహ్నం 2 దాటాక నడకదారిలోకి వదలకుండా ఆంక్షలు పెట్టారు. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు కనుక్కోండి. సామాను అలిపిరిలోనే దేవస్థానం కౌంటర్లో ఇచ్చేస్తే పైకి చేరుస్తారు, కాబట్టి ముందు బిడ్డ, వెనక బ్యాగు అనే వేషం అక్కర్లేదు. మోసేవాళ్ళ చేతిలో పండ్లు, బిస్కట్లు ఉండకూడదు, కోతులు వాటి కోసం మీదికి వస్తాయి. మోసేవాళ్ళకు ఒక పక్కన రెయిలింగు, ఇంకో పక్కన ఇంటి మనిషి ఉండాలి. చీర అయితే కుచ్చిళ్ళు కొంచెం పైకి దోపుకోండి.

పైన క్యూలో గంటలు నిలబడాల్సిన అవసరం కూడా లేదు. ఏడాది లోపు బిడ్డ ఉన్న తల్లిదండ్రులను సుపథం అనే ప్రత్యేక ప్రవేశమార్గం నుంచి దర్శనానికి పంపే ఏర్పాటు ఉంది, బిడ్డ జనన ధ్రువపత్రం, మీ ఆధార్ కార్డులు దగ్గర ఉంచుకోండి. ఎక్కడైనా కూర్చుని కునుకు తీయాలనిపిస్తే ముందు బిడ్డను బయటికి తీసి ఇంకొకరికి ఇవ్వాలి. మోసేవాళ్ళు నిద్రపోకూడదు.

బండి సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. రోడ్డు మీద రోజూ చూస్తుంటాను, ముందు క్యారియర్‌లో బిడ్డ, చేతుల్లో స్కూటీ హ్యాండిల్. క్యారియర్ నడకకు చేసినది. బ్రేక్ పడితే హ్యాండిల్‌కీ మీ ఒంటికీ మధ్య ఉండేది బిడ్డే. 2022లో వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం నాలుగేళ్ళ లోపు పిల్లలను బండి మీద తీసుకెళితే నడిపేవాళ్ళకు కట్టే ప్రత్యేక సేఫ్టీ హార్నెస్ ఉండాలి, తొమ్మిది నెలలు దాటినవాళ్ళకు హెల్మెట్ ఉండాలి, వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. ఆ హార్నెస్, ఈ క్యారియర్ ఒకటి కావు. కారులోనూ సీటు బెల్టు చేసే పని క్యారియర్ చేయదు. వంటింట్లోకి కూడా వద్దు. పోపు చిటపటలాడినా, రసం పొంగినా ముందు తగిలేది బిడ్డకే. వేసుకుని వేడి కాఫీ తాగడం కూడా అంతే, ఈ ఒక్కటీ మా మరదలు ఇప్పటికీ వినదు.

ఇచ్చేటప్పుడు బిల్లు తీసేయకుండా కవర్లోనే పెట్టి ఇవ్వండి, మార్చుకోవాల్సి వస్తే మొహమాటం లేకుండా మార్చుకుంటారు. ఒకసారి ఉతికాకే వాడమనండి, గంజి మాత్రం పెట్టొద్దనండి. బిడ్డ చప్పరించేది భుజం పట్టీనే, దానికి చిన్న కాటన్ తొడుగులు రెండు కుట్టించి ఇస్తే ఇంకా మంచిది. మా అమ్మే కుట్టింది, తన పాత చీర చించి. మొన్న ఫోన్ చేసి, "ఆ జోలె ఉతికి ఆరేసినారా? రేపు కపిలతీర్థానికి పోవాల" అంటోంది.