పెరటి ద్రాక్షకు రెండు కత్తిరింపులు

తీగ గుబురుగా పెరిగినా కాయ లేదంటే చాలావరకు కత్తిరింపు లోపమే. తెలంగాణ, రాయలసీమ ఎండలకు ఏటా రెండుసార్లు కోయాలి. ఏప్రిల్‌లో ప్రతి కొమ్మనూ మొదట్లో ఒకటి రెండు కణుపులుంచి కత్తిరిస్తే కొత్త కొమ్మలొస్తాయి. పూమొగ్గ వాటి కణుపుల్లోనే లోలోపల తయారవుతుంది. ఆ దశలో పందిరి కిక్కిరిసి నీడపడితే మొగ్గ కట్టదు, కాబట్టి బక్క కొమ్మల్ని మొహమాటం లేకుండా తీసేయండి.

అక్టోబరులో, వానలు తగ్గాక, పెన్సిలంత లావై గోధుమరంగుకు తిరిగిన కొమ్మల్ని, గింజల్లేని థాంప్సన్ సీడ్‌లెస్ రకమైతే ఐదారు కణుపుల పైన కోయాలి. మరీ పొట్టిగా కోస్తే ఆకులే వస్తాయి. తొందరపడి సెప్టెంబరు వానల్లో కోశారా, లేత చిగురుకు బూజు తెగులు పట్టి పూగుత్తులు మాడిపోతాయి.

ఫిబ్రవరి, మార్చికి పండ్లు. గుత్తి చివరి పండు రుచి చూశాకే కోయండి; తెంపాక ద్రాక్షకు తీపి పెరగదు.