మైసెల్ అంచున ఆమ్లతను ఫ్లోరోసెంట్ సెన్సర్‌తో కొలిచే విధానం

సర్ఫాక్టెంట్ (సబ్బులాంటి పదార్థం) ద్రావణంలో పీహెచ్ మీటరు ముంచితే తెలిసేది నీటి ఆమ్లతే గాని, అందులో సర్ఫాక్టెంట్ అణువులు గుంపుకట్టి ఏర్పరచే నానోమీటర్ల గోళం, అంటే మైసెల్, అంచున ప్రోటాన్లు ఎంతగా గుమిగూడాయో కాదు. అది తెలియాలంటే అక్కడికి వెళ్లి నిలవగల అణువు కావాలి. వెలుగు చిమ్మే ఆంథ్రసీన్‌కు మీథైలీన్ వంతెనతో ప్రోటాన్‌ను పట్టుకునే అమీన్‌ను, ఆ అమీన్‌కు పొడవైన ఆల్కైల్ తోకను తగిలించిన సెన్సర్ ఇందుకు తగినది. ప్రోటాన్ లేనప్పుడు అమీన్‌లోని ఎలక్ట్రాన్ ఆంథ్రసీన్‌కు చేరి వెలుగును ఆర్పేస్తుంది. ప్రోటాన్ అంటుకోగానే నీలి కాంతి తిరిగి వస్తుంది. బెల్‌ఫాస్ట్‌లో ఎ.పి. డి సిల్వా బృందం 1990లలో ఇటువంటి సెన్సర్లతోనే మైసెల్‌ల చుట్టూ ప్రోటాన్ల తీరును గుర్తించింది.

ఎస్‌డీఎస్ (రుణావేశమున్న సర్ఫాక్టెంట్ సోడియం డోడెసిల్ సల్ఫేట్), ఆవేశం లేని సర్ఫాక్టెంట్ ట్రైటన్ ఎక్స్-100, ప్రతిదీప్తిని (ఫ్లోరోసెన్స్) కొలిచే స్పెక్ట్రోఫ్లోరిమీటర్ ఒకటి ఉంటే వరంగల్, హనుమకొండలలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుగా దీన్ని చేపట్టవచ్చు. ఎస్‌డీఎస్‌కు మైసెల్‌లు ఏర్పడే హద్దు 8 మిల్లీమోలార్ కనుక 20 మిల్లీమోలార్ తీసుకోవాలి. సెన్సర్ 1 మైక్రోమోలార్ మించకపోతే సుమారు 200 మైసెల్‌లకు ఒక అణువు చొప్పున పడుతుంది.

పీహెచ్ మార్చడానికి పొటాషియం లవణాలు వాడరాదు: పొటాషియం డోడెసిల్ సల్ఫేట్ తెల్లని అవక్షేపంగా దిగిపోతుంది. ఎలక్ట్రోడ్‌లోని పొటాషియం క్లోరైడ్ కొద్దిగా ఊరినా దాని కొనవద్ద ఇదే తెల్లపొర కట్టి రీడింగ్ జారుతూ ఉంటుంది. బయటి గదిలో సోడియం క్లోరైడ్ నింపే ఎలక్ట్రోడ్ మేలు. సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్‌ను 12కు పెంచి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో క్రమంగా దించుతూ, 370 నానోమీటర్ల కాంతి ప్రసరింపజేసి ప్రతిదీప్తి తీవ్రతను నమోదు చేయాలి. ఎస్-ఆకారపు వక్రరేఖలో తీవ్రత సగానికి చేరిన పీహెచ్ ఆ సెన్సర్ పీకేఏ, అంటే సగం అణువులు ప్రోటాన్‌ను పట్టుకుని ఉండే పీహెచ్, అవుతుంది.

ఈ విలువను నేరుగా నమ్మకూడదు. మైసెల్ అంచున ధ్రువత నీటికన్నా తక్కువ కనుక ఆవేశంతో నిమిత్తం లేకుండానే అమీన్ పీకేఏ తగ్గుతుంది. ఆ ప్రభావాన్ని వేరు చేయడానికే ఆవేశం లేని ట్రైటన్‌లోనూ ఇదే కొలత తీసుకోవాలి. ఇది లేని నివేదికను, నా దృష్టిలో, పక్కన పెట్టవచ్చు. ఎస్‌డీఎస్‌లో పీకేఏ ట్రైటన్‌లో కన్నా 2 ఎక్కువ వచ్చిందనుకుంటే, నీటి పీహెచ్ 8 ఉన్నప్పుడు ఎస్‌డీఎస్ అంచున అది 6, అంటే ప్రోటాన్లు నూరు రెట్లు. ఒక్కో యూనిట్‌కు 25 డిగ్రీల వద్ద 59 మిల్లీవోల్టుల లెక్కన అంచు విద్యుత్ పొటెన్షియల్ మైనస్ 118 మిల్లీవోల్టులు. మన మే నెల ఎండలకు గది 40 డిగ్రీలకు చేరితే ఆ 59 కాస్తా 62 అవుతుంది కాబట్టి నమూనా ఉంచే సెల్ హోల్డర్‌కు ఉష్ణోగ్రతను నిలకడగా ఉంచే నీటి ప్రసరణ తప్పనిసరి.

చివరగా 0.1 మోలార్ సోడియం క్లోరైడ్ కలిపి మళ్లీ కొలవాలి. సోడియం అయాన్లు ఆవేశాన్ని కప్పివేయడంతో ఎస్‌డీఎస్‌లోని పీకేఏ తగ్గాలి. కదలకపోతే సెన్సర్ అంచున నిలవలేదని అనుమానించి, తోక పొడవు పెంచి చూడాలి.