పండగ పూట పది మంది – 3వ పాఠం: కనుమ మధ్యాహ్నం

పోయిన పాఠంలో బజారుకెళ్లి ఏమేం వచ్చాయో రాసుకు రమ్మన్నాను కదా. సంక్రాంతి రోజుల్లో ఆ చీటీలో తియ్య గుమ్మడికాయ, చిక్కుళ్లు, చిలగడదుంపలు, వంకాయలు, రేగిపళ్లు, చెరకు ఉండి తీరతాయి. మన మెనూ అదే, ఇంకేం వెతకొద్దు. ములక్కాడ ఇప్పుడు ఖరీదు, మానేసినా దప్పళానికి వచ్చిన లోటేమీ లేదు.

ఒకసారి కనుమకి నేను ఏడు రకాలు పెట్టుకున్నాను. చుట్టాలంతా హాల్లో నవ్వుకుంటుంటే నేను మూడింటి దాకా పొయ్యి దగ్గరే ఉన్నాను, చివరికి మా పెద్దమ్మ వచ్చి గరిటె లాక్కుని "ముందు నువ్వు కూర్చోవే" అంది. అప్పట్నుంచీ ఒకటే లెక్క: వాళ్లొచ్చాక పొయ్యి మీద ఒక్క మూకుడే ఉండాలి, అదీ గారెలదే. కనుమ నాడు మినుము తినాలంటారు కాబట్టి గారెలు తప్పవు, చల్లారితే వాటికి రుచీ ఉండదు.

మిగతావన్నీ ముందే. చిక్కుళ్ల ఈనెలు ముందురోజు రాత్రి టీవీ చూస్తూ తీసెయ్యండి. దప్పళం పొద్దున్నే కాచి పక్కన పెడితే మధ్యాహ్నానికి ముక్కకి పులుపు బాగా పడుతుంది. పది మందికి కిలో గుమ్మడికాయ, రెండు చిలగడదుంపలు, నాలుగు వంకాయలు చాలు. దుంపలు ముందు వేసి, గుమ్మడి ముక్కలు చివర్లో వెయ్యండి, లేకపోతే అవి కరిగి గుజ్జైపోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లు బటర్‌నట్ స్క్వాష్ వేసుకోవచ్చు, తేడా పెద్దగా తెలీదు. మాంసం తినే ఇంట్లో గారెల్లోకి నాటుకోడి పులుసు ఉంటే దప్పళం మానెయ్యండి, ఒక పూటకి రెండు పులుసులెందుకు?

కొత్త బియ్యం మాత్రం అన్నానికి వాడొద్దు, ముద్దయిపోతుంది. దాన్ని పరమాన్నానికి ఉంచి, అన్నం పాత బియ్యంతో వండండి, పది మందికి కిలోంపావు. అరిసెలు ఎలాగూ డబ్బాలో ఉంటాయి కాబట్టి పరమాన్నం కూడా ఓపికుంటేనే.

ఇక గారెలు. అరకిలో మినప్పప్పు నాలుగు గంటలు నానబెట్టి, నీళ్లు చిలకరించుకుంటూ గట్టిగా రుబ్బండి. గిన్నెలో నీళ్లు పోసి చిటికెడు పిండి వేసి చూడండి. తేలితే సరే, మునిగితే ఇంకాస్త చేత్తో గిలక్కొట్టాలి. ఉప్పు మాత్రం మూకుడు పెట్టాకే కలపండి, ముందే కలిపితే పిండి జారై నూనె పీల్చేస్తుంది. మనిషికి మూడు చొప్పున సరిపోతాయి.

అలంకరణకి ఇత్తడి చెంబులో గుప్పెడు బంతిపూలు, అరిటాకులు. ఆకు కొస తినేవాళ్ల ఎడమవైపుకి రావాలి. భోజనాలయ్యాక కోసిన చెరకు ముక్కలూ రేగిపళ్లూ ఒక చేటలో పోసి అరుగు మీద పెట్టెయ్యండి, ఇక మళ్లీ వంటింట్లోకి వెళ్లే పని లేదు.

ఈ వారం అభ్యాసం: పావుకిలో పప్పుతో గారెలు చేసి, నీళ్ల గిన్నె పరీక్ష మొదటిసారికే నెగ్గారో లేదో రాసిపెట్టుకోండి. వచ్చే పాఠం వడ్డన, ముందు ఏది, తర్వాత ఏది, నెయ్యి ఎవరి చేతిలో ఉండాలి.