నొప్పి దారులు – 4వ పాఠం: పైకి వెళ్లే వార్త, కిందికి వచ్చే అదుపు

గత పాఠం చివర అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబుల్లో చాలావరకు ఒకేచోట తప్పాయి. ఛాతీ దగ్గర వెన్నుపాము కుడి సగం మాత్రమే తెగితే ఏ కాలికి నొప్పి తెలియదు? కుడికాలికని రాశారు. తెలియనిది ఎడమకాలికి. ఇది పట్టుబడకపోతే ఈ రోజు పాఠం నిలవదు.

పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆమె ఎడమ అరచేతికి జీడిసొన అంటుకుని మండిందనుకోండి. ఆ మంటను మోసుకొచ్చే సన్నని నరపు పోగు వెన్నుపాము వెనుక కొమ్ములో, అంటే దాని లోపలి బూడిదరంగు భాగపు వెనుక కొనలో, ఆగుతుంది. అక్కడ అందుకున్న రెండో న్యూరాన్ (నరకణం) వెన్నుపాములో ఒకటి రెండు ఖండాల లోపే కుడివైపుకు దాటి, నొప్పి దారి అయిన స్పైనోథాలమిక్ మార్గంలో, మెదడు నడుమ వార్తలు అందుకునే థాలమస్‌కు ఎక్కుతుంది. అదే చేతికి పిక్క గరుకు తెలిపే స్పర్శ మాత్రం ఎడమవైపునే మెడుల్లా (మెదడు కాండం అడుగుభాగం) దాకా వెళ్లి అక్కడ దాటుతుంది. చివరకు రెండూ చేరేది కుడి మెదడుకే. దాటే చోటే వేరు.

‘అన్నీ మెదడు దగ్గరే అటూఇటూ మారతాయి’ అని కంఠతా పట్టినవాళ్లందరూ ఇక్కడే పడ్డారు. ఆ వాక్యం ఏ గైడులో కనిపించినా కొట్టేయండి. దానిని నమ్మితే నష్టపోయేది రోగి. వేడి కూడా నొప్పి దారినే వెళుతుంది కనుక, వేడి తెలియని కాలు ఒకటైతే మీరు జాగ్రత్త చెప్పేది రెండో కాలికి అవుతుంది. నేను నొప్పిని ఎర్ర సిరాతో, స్పర్శను నీలంతో గీస్తాను. పట్టికలు బట్టీ పట్టడం కంటే అదే మేలు.

ఇక కొత్త సంగతి. మెదడు కాండం నుంచి వెనుక కొమ్ముకు దిగివచ్చే మార్గాలు నొప్పి వార్తను తగ్గించగలవు, పెంచగలవు కూడా. ఆ కాండంలోనే ఉండి, సెరటోనిన్ అనే రసాయనం పంపే రాఫే కేంద్రాలు, నారడ్రినలిన్ అనే రసాయనం పంపే లోకస్ సెరూలియస్ అందులో ముఖ్యం. పార్కిన్సన్స్ వ్యాధిలో కదలికలను నడిపే సబ్‌స్టాన్షియా నైగ్రా కంటే ముందే, దానికి దిగువన ఉన్న ఈ కేంద్రాలు దెబ్బతింటాయని 2003లో పరిశోధకుడు బ్రాక్ బృందం ప్రతిపాదించింది. అందరిలో ఆ వరుస కనిపించదు. అయినా కొందరికి వణుకు కంటే ముందే భుజం నొప్పి రావడాన్ని ఆలోచించేటప్పుడు, కండరాల బిగుతుతో పాటు ఈ అదుపు తగ్గడాన్నీ గుర్తుంచుకోవాలి. భుజం నొప్పి ఉన్న ప్రతివారికీ పార్కిన్సన్స్ అంటగట్టకండి.

ఆల్జీమర్స్ రోగి నొప్పి చెప్పలేదంటే నొప్పి లేదనుకోవద్దు. వార్త పైకి చేరుతూనే ఉండవచ్చు. చెప్పే శక్తి తగ్గింది. పక్క మార్చేటప్పుడు ముఖం, ఊపిరి, మూలుగు, ఒళ్లు బిగపట్టడం గమనించండి. ఓదారిస్తే నెమ్మదిస్తున్నారేమో చూడండి.

అభ్యాసం: పొందూరులో నూలు వడికే ఒకామెకు ఛాతీ 8వ ఖండం దగ్గర వెన్నుపాము ఎడమ సగం దెబ్బతిందనుకోండి. స్నానం నీళ్ల వేడి ఏ కాలికి తెలియదు? కళ్లు మూస్తే ఏ కాలి బొటనవేలు ఎటు వంగిందో ఆమె చెప్పలేదు (ఈ తెలివిడి స్పర్శ దారినే వెళుతుంది)? పుస్తకం మూసి, అరికాలి నుంచి థాలమస్ దాకా రెండు దారులూ గీసి, దాటే చోటు చుట్టూ సున్నా చుట్టి పంపండి. బొమ్మ లేని జవాబులు నేను చూడను.