తల్లీబిడ్డల ఆరోగ్య కోర్సుకు మెంటరింగ్ – 4వ పాఠం: చెక్‌లిస్టు రాయించడం

గత పాఠంలో కర్నూలు జిల్లా అవసరాలు చూసి కోర్సు అంశాలు ఎంచుకున్నాం. ఇప్పుడు వాటిలో ఒక్కదాన్ని, గుర్రపువాతాన్ని (గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ రావడం, ఎక్లాంప్సియా), యువ అధ్యాపకురాలి చేత పాఠంగా రాయిద్దాం.

కలం ఆమె చేతిలోనే ఉండాలి. అనుభవమున్న మెంటర్, అంటే ఆమెకు దారి చూపే సీనియర్, అరగంటలో ముసాయిదా రాసిచ్చేయగలడు. కానీ ఆయనకు బదిలీ అయిన మర్నాడే ఆ పాఠాన్ని దిద్దేవాళ్లు ఉండరు.

మొదటి ముసాయిదాలో సాధారణంగా ‘గుర్రపువాతంపై అవగాహన కల్పించడం’ అనే లక్ష్యం కనిపిస్తుంది. దాన్ని కొట్టేయకండి. ‘పాఠం అయ్యాక పీహెచ్‌సీ స్టాఫ్ నర్సు ఏం చేయగలగాలి?’ అని అడగండి. జవాబు ఒక పనిగా వచ్చేదాకా అడుగుతూనే ఉండండి. చివరికి ఇక్కడికి రావాలి: ఫిట్స్ వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు ఇచ్చి, రిఫరల్ స్లిప్పు రాసి, పెద్దాసుపత్రికి పంపడం.

తర్వాత స్కిల్ ల్యాబుకు (బొమ్మల మీద పని సాధన చేసే గదికి) వెళ్లండి. ఆమె చేసి చూపించాలి, మీరు ప్రతి కదలికా రాసుకోవాలి. ఆ నోట్సు చూసి, నర్సు పనికి మార్కులు వేసే చెక్‌లిస్టును ఆమె రాయాలి. బొమ్మ లేకపోతే గట్టిగా చుట్టిన పరుపు ముక్క, నీళ్లు నింపిన పాత సీసాలు చాలు. కూర్చుని రాసిన చెక్‌లిస్టులో తప్పిపోయేవన్నీ ఇక్కడ బయటపడతాయి. 2010 నాటి కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం మొదటి డోసు 10 గ్రాములు, ఒక్కో పిరుదుకు 5 గ్రాముల చొప్పున లోతుగా కండలోకి. 50 శాతం మందు 2 మి.లీ. ఆంప్యూల్‌లో (చిన్న గాజు సీసాలో) ఉండేది 1 గ్రామే. అంటే ఒక్కో వైపు 5 ఆంప్యూల్స్, 10 మి.లీ.; మొత్తం 10 ఆంప్యూల్స్. ‘పది గ్రాములు’ అని ఠక్కున చెప్పిన నర్సే ట్రేలో రెండు ఆంప్యూల్స్ పెట్టుకుని నిలబడుతుంది. అందుకే ‘సరైన డోసు ఇచ్చింది’ అని కాకుండా ‘10 ఆంప్యూల్స్ లెక్కపెట్టి ట్రేలో పెట్టింది’ అని రాయించండి. 10 మి.లీ. సిరంజిలు రెండు, 22 గేజి సూదులు, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పిరుదు పైభాగంలో బయటి వైపు గుచ్చడం: ఇవన్నీ విడివిడి అంశాలు కావాలి.

స్లిప్పు మీద డోసు, టైము రాయడం చిన్న పనిలా అనిపించి అందరూ వదిలేస్తారు. నా లెక్కలో చెక్‌లిస్టులో అన్నిటికన్నా విలువైన అంశం అదే. టైము లేకపోతే పెద్దాసుపత్రిలో డ్యూటీ డాక్టరు మళ్లీ మొదటి డోసు ఇచ్చే ప్రమాదముంది. మెగ్నీషియం ఎక్కువైతే మోకాలి జర్క్ (మోకాలి కింద తడితే కాలు ఎగరడం) పోతుంది, ఆపై ఊపిరి మందగిస్తుంది. నాలుగు గంటలు గడిచాక ఇచ్చే 5 గ్రాముల తర్వాతి డోసుకు ముందు మూడు చూడాలి: శ్వాస నిమిషానికి 16కు తగ్గకూడదు, మోకాలి జర్క్ ఉండాలి, మూత్రం గంటకు 30 మి.లీ. అయినా రావాలి. విరుగుడుగా 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ 10 మి.లీ. ట్రేలోనే ఉంచాలి.

చెక్‌లిస్టు 12 అంశాలు దాటితే పరీక్షకురాలి కళ్లు కాగితం మీదే ఉంటాయి, నర్సు చేతుల మీద ఉండవు. ఇద్దరు పరీక్షకులు ఒకే నర్సుకు, మాట్లాడుకోకుండా మార్కులు వేయాలి. ఒక అంశం దగ్గర ఇద్దరూ తేడా పడితే ముందు ఆ వాక్యాన్ని అనుమానించండి. ‘జాగ్రత్తగా’, ‘సరిగ్గా’ లాంటి మాటలున్నచోటే గొడవ వస్తుంది.

ఫీల్డ్ పోస్టింగుల తేదీలు కూడా ఇప్పుడే చూడండి. ఆదోని, కోసిగి, పెద్దకడుబూరు వైపు కుటుంబాలు మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (కోతల కాలపు వలసకు) పోతాయి. ఆ నెలల్లో ఊళ్లలో గర్భిణుల పరీక్షలు నేర్పుదామంటే సగం ఇళ్లకు తాళాలే. ఆ పోస్టింగును ఉగాది తర్వాతికి జరిపి, సుగ్గి నెలల్లో ల్యాబు పాఠాలు పెట్టించండి. వలస వెళ్లేవాళ్లకు మాతా శిశు రక్షణ కార్డు వెంట తీసుకెళ్లమని ఆశా కార్యకర్త చెప్పడాన్ని మాత్రం కోతలకు ముందే ఒక పాఠంగా చేర్చాలి.

వచ్చే పాఠానికి పని: మీ అధ్యాపకురాలు ప్రసవం తర్వాత రక్తస్రావంపై చెక్‌లిస్టు రాయాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపు ఆక్సిటోసిన్ (గర్భసంచి బిగిసేలా చేసే మందు) 10 యూనిట్లు కండలోకి ఇవ్వడం దగ్గర మొదలుపెట్టమనండి. మీరు దిద్దకుండా, ప్రశ్నలు మాత్రమే మార్జిన్‌లో రాసి తిరిగివ్వండి.